లేబర్ రూమ్ తలుపుకి ఇవతల

నేను ఉద్యోగంలో చేరినప్పుడు యాభై ఎనిమిదేళ్లకి ఇంటికి పంపుతామన్నారు. కొన్నేళ్లకి అది అరవై అయింది. నేను అరవైకి దగ్గరపడి, మా వార్డు వాళ్లు నాకు తెలియకుండా శాలువా కూడా కొని పెట్టుకున్నాక, ప్రభుత్వం దాన్ని అరవై రెండు చేసింది. ఆ శాలువా ఏం చేశారని అడిగితే, బీరువాలో పెట్టాం, ఎప్పటికైనా మీకే కప్పుతాం, మీరెక్కడికి పోతారు అన్నారు. ఇలా ఒకసారి రిటైరవబోయి తప్పించుకున్నదాన్ని కాబట్టి, ఈ విషయం మీద మాట్లాడే హక్కు నాకు మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

ఇప్పుడిప్పుడే స్టాఫ్ నర్సులుగా చేరుతున్న అమ్మాయిలూ, రిటైర్మెంట్ మాటెత్తితే మీరు లోలోపల నవ్వుకుంటారని నాకు తెలుసు. వచ్చే వారం ఆదివారం సెలవు పడిందా లేదా అన్నదే మీకిప్పుడు దూరపు సంగతి. మీ వయసులో నాకూ అంతే. అయినా చెబుతాను. వినేవాళ్లు వినండి, డ్యూటీకి టైమైపోయినవాళ్లు లేచి వెళ్లండి, ఏమీ అనుకోను.

నేను చివరికంటా పనిచేసింది వంశధారకి అంత దూరం కాని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో. పాతపట్నం వైపు నుంచీ, ఆ పైన ఒడిశా ఊళ్ల నుంచీ కాన్పు కేసులన్నీ మాకే వస్తాయి. మా వల్ల కాకపోతే శ్రీకాకుళం పంపాలి. ఆ దారిలో అంబులెన్సులోనే కాన్పయి తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నవాళ్లున్నారు, లేనివాళ్లూ ఉన్నారు. అందుకని మా లేబర్ రూమ్‌లో చెయ్యి తిరిగిన సిస్టర్ ఉండటం, లేకపోవటం చిన్న విషయం కాదు. చాలా ఏళ్లు ఆ సిస్టర్‌ని నేనే.

మాది మిషన్ ఆసుపత్రిని నమ్ముకుని బతికిన కుటుంబం. మా అమ్మ అక్కడ ఆయా. మా ఇంట్లో ఆడపిల్ల పుడితే ముందు తలకి తెల్ల టోపీ కొలత తీస్తారని మా చర్చి సంఘంలో వేళాకోళం చేసేవారు. నేను పని నేర్చుకున్నదీ ఆ ఆసుపత్రిలోనే. అక్కడి పెద్ద సిస్టర్ ఒక అలవాటు నేర్పింది. కాన్పు చేసేటప్పుడు చేతికి ఏది తెలుస్తోందో అది నోటితో పైకి చెబుతూ ఉండాలి. తల ఎంత దిగింది, బొడ్డుతాడు మెడకి చుట్టుకుందా, మాయ పడిందా, గర్భసంచి గట్టిపడిందా, అంతా. తలుపు అవతలికి కూడా వినపడేంత గొంతుతో చెప్పాలి. దానివల్ల సూది అందించే మనిషి ముందే సిద్ధంగా ఉంటుంది, రాసే మనిషి రాసుకుంటుంది, బల్లమీదున్న తల్లికి తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది. అన్నిటికీ మించి, ఆ గొంతు ఉన్నట్టుండి ఆగిపోతే గదిలో ఉన్నవాళ్లందరూ తలెత్తి చూస్తారు. ఆగిందంటే ఏదో అయిందన్నమాట. నేను ఆ అలవాటుని ప్రభుత్వ ఆసుపత్రికి తెచ్చాను. మొదట్లో డాక్టర్లు మా లేబర్ రూమ్‌ని రేడియో స్టేషన్ అనేవారు. తర్వాత వాళ్లే, సిస్టర్, గట్టిగా చెప్పండి, వినపడటం లేదు అనటం మొదలుపెట్టారు.

ఒక మాట అయితే అచ్చంగా నాదే. మాయ పడ్డాక పొట్టమీద చెయ్యి వేస్తే గర్భసంచి ఎలా ఉండాలో పుస్తకాల్లో ఏవేవో రాస్తారు. నేను మాత్రం, ఉద్దానం కొబ్బరికాయ తగలాలి, తగలకపోతే చెయ్యి తియ్యొద్దు అని చెప్పేదాన్ని. ఉద్దానం కొబ్బరితోటలు ఎరిగిన మా జిల్లా పిల్లలకి గట్టిదనం గురించి అంతకంటే బాగా అర్థమయ్యే మాట నాకు దొరకలేదు.

నేను రిటైరవటానికి కొంతకాలం ముందు బొబ్బిలి వైపు నుంచి ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. వరి పండించుకునే ఇంటి పిల్ల. చెయ్యి చాలా మంచిది. నొప్పులతో కేకలు పెట్టే మనిషి కూడా ఆ పిల్ల చెయ్యి వేస్తే కాస్త నెమ్మదించేది. గొంతే చిన్నది. పైకి చెప్పు, పైకి చెప్పు అని నేను వెంటపడితే గానీ వినపడేది కాదు. ఏడాది తిరిగేసరికి ఆ గొంతూ పెరిగింది. నా తర్వాత ఈ గది ఈ పిల్లదే అని నేను మనసులో రాసిపెట్టేసుకున్నాను.

అప్పుడొక కేసు వచ్చింది. కాన్పు సుఖంగా అయింది, బిడ్డ ఏడ్చింది, మాయ పడింది. ఆ తర్వాత గర్భసంచి ముడుచుకోలేదు. రక్తం పోతోంది. ఆ పిల్ల గొంతు ఆగిపోయింది. నేను పక్క బల్ల దగ్గరున్నాను. తలెత్తి చూస్తే రెండు చేతులూ గాలిలో పెట్టుకుని నిలబడిపోయింది. ఒక్క అడుగులో వెళ్లి నేను అందుకున్నాను. డాక్టరు మేడమ్ వచ్చారు, రక్తం ఎక్కించాం, తల్లి బతికింది. రెండు వారాల బిడ్డని ఎత్తుకొచ్చి ఆ తల్లి మాకు చూపించి కూడా వెళ్లింది. కానీ మా పిల్ల అప్పట్నుంచి నేను వెనక లేకుండా కాన్పు చెయ్యటం మానేసింది. నా చెయ్యి తన భుజం మీద ఉండాలి. నేను భోజనానికి ఇంటికెళితే ఫోను. చర్చిలో కూర్చుంటే ఫోను. మా ఆయన రిటైరైన బడిపంతులు. ఆ పిల్లని పెంపకానికి తెచ్చేసుకుందాం, నీకు పరుగు తప్పుతుంది అనేవారు.

ఈలోగా నా తేదీ దగ్గరపడుతోంది. రిటైర్మెంటుకి ఎలా సిద్ధపడాలో చెప్పటానికి మా దగ్గర జనం కరువు లేదు. నాకంటే ముందు దిగిపోయిన ఒక సిస్టర్ వారం తిరక్కుండానే ప్రైవేటు నర్సింగ్ హోములో చేరిపోయింది. కూర్చుంటే కాళ్లకి నీరొస్తుంది, నువ్వూ వచ్చెయ్ అంది. ఇంకొకావిడ పలాస వైపు జీడితోట చూసుకుంటూ, మనుషులకంటే చెట్లు నయం, రాత్రిపూట లేపవు అని చెప్పింది. మా ఆయన అయితే నా కోసం టైంటేబుల్ తయారుచేశారు. ఉదయం నడక, తర్వాత కాఫీ, ఆ తర్వాత పేపరు, మధ్యాహ్నం విశ్రాంతి. గంట కొట్టే ప్యూను ఒక్కడే తక్కువ. పెన్షన్ కాగితాలు నేను ఎప్పుడో సర్దేశాను. మోకాళ్లకి నూనె తెచ్చుకున్నాను. ఇవన్నీ సిద్ధం. నేనే సిద్ధంగా లేను.

భయం వేసేది. దాచుకోవటం దేనికి, బాగా భయం వేసేది. పొద్దున్న లేచాక నా కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ ఉండరన్న భయం. ఆ పిల్ల ఫోను చేసినప్పుడల్లా పైకి విసుక్కుంటూనే లోపల కాస్త సంతోషించేదాన్ని. ఇంకా నా అవసరం ఉందిలే అనుకునేదాన్ని.

ఒకరోజు చేతులు కడుక్కుంటూ ఆ పిల్ల ఉన్నట్టుండి అంది.

“మీరెల్లిపోయాక నాను మెడికల్ వార్డుకి మార్పించుకుంటాను మేడమ్. లేబర్ రూమ్ నా వల్ల కాదు.”

“మరెవులు సేస్తారు?” అన్నాను.

“తెల్దు మేడమ్. శ్రీకాకుళం పంపుతారు కామోసు.”

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. తిట్టబోయాను. దాని ముఖం చూశాను. ఆ పిల్ల తన భయం తను చెప్పుకుంటోంది, అంతే. మిగతా సిస్టర్లలో ఎవరికీ లేబర్ రూమ్ మీద మనసు లేదని నాకు తెలుసు. ఈ పిల్ల కూడా వెళ్లిపోతే ఆ గదికి తాళం పడదు గానీ, కాస్త కష్టంగా కనిపించిన ప్రతి తల్లినీ అంబులెన్సు ఎక్కిస్తారు. ఇన్నేళ్లు నేను చేసింది అలా రోడ్డు పాలవుతుందంటే తట్టుకోలేకపోయాను.

కాన్పుల డాక్టరు మేడమ్ దగ్గర ఈ బాధ వెళ్లబోసుకున్నాను. ఆవిడ నాకంటే చాలా చిన్నది, మాట మాత్రం సూటిగా ఉంటుంది. మీరు వెనక నిలబడినంతకాలం ఆ అమ్మాయి ముందుకి చూడదు సిస్టర్, మీరే కొంచెం కొంచెంగా తప్పుకోండి అంది. తప్పుకోవటం ఎలాగో మాత్రం చెప్పలేదు. అది నేనే కనిపెట్టుకోవాల్సి వచ్చింది.

నా రిటైర్మెంట్ సన్నాహం అంతా అప్పుడే మొదలైంది, ఆ గదిలోనే. ముందు భుజం మీద చెయ్యి తీసేశాను. తర్వాత కొన్ని కాన్పులకి సింకు దగ్గర నిలబడ్డాను. సూదిమందులు సర్దుతున్నట్టు నటిస్తూ కిటికీ దాకా జరిగాను. చివరికి తలుపు దాకా వచ్చాను. అక్కడ ఆగిపోయింది బండి. తలుపు గడియ మీద నా చెయ్యి పడిందంటే చాలు, వీపు నాకు పెట్టి పనిచేస్తున్న ఆ పిల్లకి ఎలా తెలిసేదో గానీ, గొంతు తడబడేది. నేను మళ్లీ, ఉన్నానే తల్లీ, ఎల్లలేదు అనేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ గడప దాటటం నాకూ ఇష్టం లేదు. ఆ గడప మీదే మా ఇద్దరికీ నా ఆఖరి రోజు వచ్చేసింది.

మా ఆసుపత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే సిస్టర్ చేత ఆఖరి రోజున ఏ పనీ చేయించరు. యూనిఫాం వేసుకోకూడదు, పట్టుచీర కట్టుకుని రావాలి. ఓపీ అయిపోయాక మీటింగు హాల్లో సభ. ఆ తర్వాత దండ తియ్యకుండా బండెక్కించి, అందరూ కలిసి ఇంటిదాకా తీసుకెళ్లి దింపాలి. మిగతా సిస్టర్లందరూ ఒకే రంగు చీరలు కట్టుకుంటారు. నా సభకి నెమలికంఠం రంగు పెట్టుకున్నారు. ఆ చీర కట్టుకుని సభలో కూర్చోవాలని అందరికీ సరదా. డ్యూటీలో ఉన్నవాళ్లకి కుదరదు కదా. అందుకని డ్యూటీలు మార్చుకోవటం మొదలుపెట్టారు.

ఈ మార్చుకోవటం మీకూ అలవాటే, మీరూ చేస్తారు. నీ బదులు నేను, నా బదులు ఆవిడ, అంతా నోటిమాట మీదే. ఆ రోజు లేబర్ రూమ్‌లో ఉండాల్సిన సిస్టర్ తన డ్యూటీని సర్జికల్ వార్డు సిస్టర్‌కి ఇచ్చాననుకుంది. ఆవిడ అది మర్నాటి సంగతి అనుకుంది. ఇద్దరూ నెమలికంఠం చీరల్లో ముందు వరసలో పక్కపక్కనే కూర్చుని నావైపు చూసి నవ్వుతున్నారు.

నేను వేదిక మీద కూర్చుని మా పిల్ల కోసం వెతుకుతున్నాను. కనిపించలేదు. మీరెల్లిపోతంటే సూడలేను, నాను రాను మేడమ్ అని ముందురోజే అంది. ఎక్కడో కూర్చుని ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. సూపరింటెండెంటు గారు మైకు పుచ్చుకుని నేను విధి నిర్వహణలో ఎంతటి దాన్నో చెబుతున్నారు. పొగడ్త వింటుంటే బాగానే ఉంటుంది, ఆయన అంత తీరుబడిగా చెబుతుంటే ఇంకా బాగుంది. అలా వింటూ ముందున్న చీరలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే, ఏదో తేడాగా అనిపించింది. మా పిల్ల తప్ప లేబర్ రూమ్ చూసే సిస్టర్లందరూ ఇక్కడే ఉన్నారు. మరి లేబర్ రూమ్‌లో ఎవరున్నారు?

అప్పుడే మా లేబర్ రూమ్ ఆయా పక్క తలుపులోంచి వచ్చి నా చెవిలో చెప్పింది. పాతపట్నం అవతల ఊరి నుంచి రెండో కాన్పు మనిషి వచ్చిందట, తల దిగిపోయిందట. గదిలో ఎవరూ లేకపోతే, సెలవులో ఉండి కూడా సభకి రాలేక ఆ గది దగ్గరే తచ్చాడుతున్న మా పిల్లే చూసి, బట్టలు మార్చుకుని లోపలికి వెళ్లిందట. డాక్టరు మేడమ్ ఆపరేషన్ థియేటర్లో ఇంకొక తల్లికి కోత మధ్యలో ఉన్నారు. ఆ పిల్ల ఒక్కతే ఉంది.

సూపరింటెండెంటు గారు నా కర్తవ్యదీక్ష అన్న మాట పూర్తి చేయకముందే నేను వేదిక దిగి పరుగెత్తాను. ఆయన వాక్యం మధ్యలోనే ఉండిపోయింది. నాకు మోకాళ్ల నొప్పి ఉన్నట్టు గుర్తులేదు. మెడలో దండ ఊగుతోంది, దారి పొడవునా బంతిరేకులు రాలాయి. ఆ డ్యూటీ ఇచ్చేశాననుకున్న సిస్టర్ ఆయాతో పాటు నా వెనకే ఏడుపు ముఖంతో పరుగెత్తుకొస్తోంది.

లేబర్ రూమ్ తలుపు తోశాను. సగం తెరుచుకుని ఆగింది. మా పిల్ల అడ్డంగా నిలబడి ఉంది, గౌను వేసుకుని, చేతికి గ్లవ్స్ తొడుక్కుని. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“పట్టుసీర, దండ, సెప్పులు. ఇయ్యన్నీ ఏసుకొని లోపలికి రాకూడదని మీరే కదా మేడమ్ సెప్పేరు” అంది.

“గౌను ఏసుకుంటాను, పక్కకి జరుగే” అన్నాను.

“ఒద్దు. ఆ సిస్టర్ని గౌను ఏసుకొని రమ్మనండి, సాలు. మీరు బయట కూకోండి. కావలిస్తే పిలుస్తాను.”

 మోచేత్తో ఆపిన తలుపు వదల్లేదు. వెనక బల్ల మీద ఆ తల్లి మూలుగుతోంది. నేను ఇంకొక్క మాట అంటే ఆ పిల్ల పక్కకి జరిగిపోతుందని నాకు తెలుసు. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. ఇన్ని నెలలుగా నేను దాటలేని ఆ గడప బయట నన్ను ఈ పిల్లే నిలబెట్టిందని అప్పుడు తట్టింది. వెనక్కి తగ్గి, ఆయాతో పాటు సిస్టర్‌ని లోపలికి పంపాను. నా ముఖం మీద తలుపు పడింది.

తలుపు బయట ఒక బెంచీ ఉంది. దాన్ని నేను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు దాటి వెళ్లానో లెక్కలేదు, ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ ఉంది, ఒళ్లో బట్టల సంచి, కాళ్ల దగ్గర ఫ్లాస్కు. లోపలున్న మనిషికి అత్తగారు. నా దండ వైపు, చీర వైపు చూసి, “పెల్లి నుంచొచ్చేరేటమ్మా?” అని అడిగింది.

కాదని, నేనూ ఇక్కడి సిస్టర్నే, ఈ రోజుతో అయిపోయిందని చెప్పాను. ఆవిడకి నా రిటైర్మెంటుతో ఏం పని? నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“లోపల ఏటవతందో ఎవులూ సెప్పరమ్మా. తలుపు తీస్తారు, ఆగమంటారు, ఏసేస్తారు. మాకేటి తెలుస్తాది?”

తలుపు తీసి ఆగమని వేసేసేది నేనే కదా.  అప్పుడు లోపలినుంచి గొంతు వినపడింది.

ఆ పిల్ల పైకి చెబుతోంది. తల కనిపిస్తన్నాది అంది. నేను పెద్దావిడకి చెప్పాను, తల కనిపిస్తోందట, ఇంకెంతో సేపు పట్టదు. తాడు మెడకి సుట్టుకున్నాది, వదులుగానే ఉన్నాది, తప్పించేస్తన్నాను అంది. తాడు తప్పించేసిందట, భయం లేదు అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని శ్రీముఖలింగం స్వామిని పిలుచుకుంటోంది. నేను నా ప్రార్థన నేను చేసుకుంటున్నాను. ఇద్దరం ఒకే బెంచీ మీద, ఒకే తలుపు వైపు చూస్తున్నాం. భుజం వచ్చింది అన్న మాట వినపడింది, వెంటనే బిడ్డ ఏడుపు. పెద్దావిడ నన్ను కావలించుకుంది, దండలో సగం నలిగిపోయింది.

కాన్పు అక్కడితో అయిపోదని ఆవిడకి తెలియదు, నాకు తెలుసు. సూది ఇచ్చాం అంది. మాయ పడింది, మొత్తం వచ్చేసింది అంది. నేను ఊపిరి పీల్చుకోబోయాను.

“సంచి మెత్తగా ఉన్నాది” అంది ఆ పిల్ల.

తర్వాత గొంతు ఆగిపోయింది.

పెద్దావిడ నావైపు చూసి ఏటైందమ్మా అంది.  లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాను. నా కళ్ల ముందు ఆ పాత రోజే ఉంది, గాలిలో నిలబడిపోయిన రెండు చేతులు. లోపల ఇంకొక సిస్టర్ ఉంది, థియేటర్ పక్కనే ఉంది, ఇవన్నీ తెలుసు. అయినా తలుపు తోసెయ్యమని ఒళ్లంతా చెబుతోంది. పిలుస్తానంది కదా, పిలవనీ అని నన్ను నేను పట్టుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిట్లోకీ కష్టమైనది, ఆ చేత్తో ఆ తలుపు తొయ్యకుండా ఉండటమే.

గొంతు మళ్లీ వినపడింది. ఈసారి ఎప్పుడూ లేనంత పెద్దగా.

“రుద్దుతన్నాను. సిస్టర్, ఇంకో డ్రిప్పు పెట్టి మందు కలపండి. ఆయమ్మా, బేగెల్లి థియేటర్లో సెప్పు, సంచి మెత్తబడింది, సూస్తన్నాం అని సెప్పు.”

ఆయా నన్ను తోసుకుంటూ బయటికి పరుగెత్తింది. నేను తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. రుద్దుతన్నాను, కొంచెం గట్టిపడతన్నాది. రక్తం తగ్గుతన్నాది. ఇంకా రుద్దుతన్నాను. ఆ మాటలే మళ్లీ మళ్లీ చెబుతోంది, నేను పెదాలతో దానితోపాటు అంటున్నాను. పెద్దావిడ నా కొంగు పట్టుకుని నిలబడింది. అమ్మా, మీ కోడలికి బాగానే సేస్తన్నారు, ఈ పిల్లకి తెలుసు అన్నాను. ఆవిడకే చెప్పానో నాకే చెప్పుకున్నానో తెలియదు.

అప్పుడు లోపలినుంచి, నేను తలుపు దగ్గరే ఉంటానని తెలిసినట్టు, నాకే చెప్పింది.

“మేడమ్, కొబ్బరికాయ తగిలింది.”

నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఉదయం నుంచీ పూలు పెట్టి, చీర పెట్టి, మైకు పెట్టి ఎవరూ నన్ను ఏడిపించలేకపోయారు. కొబ్బరికాయేటమ్మా, మొక్కేటైనా ఉన్నాదా అని పెద్దావిడ కంగారుపడింది. మీ స్వామికి మీరు కొట్టుకోండి, మాకు దొరికేసింది అన్నాను. ఆవిడకి అర్థం కాకపోయినా నేను నవ్వుతున్నానని తనూ నవ్వింది.

థియేటర్ పని ముగించుకుని డాక్టరు మేడమ్ గబగబా వచ్చి లోపలికి వెళ్లారు. కాసేపటికి బయటికి వచ్చి, నాకు చెయ్యటానికి ఏమీ మిగల్చలేదు సిస్టర్ అన్నారు. తర్వాత నా చీర మీద రాలిన రేకులు దులిపి, సభకి పదండి, పెద్దాయన మైకు పట్టుకుని ఇంకా అక్కడే ఉన్నారు అన్నారు. నిజంగానే ఉన్నారు. నేను వెళ్లి కూర్చోగానే కర్తవ్యదీక్ష దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టారు. బీరువాలో రెండేళ్లున్న శాలువాని చివరికి నాకు కప్పారు, కలరా ఉండల వాసనతో సహా. మా పిల్ల సభ అయిపోయే వేళకి వచ్చి గుమ్మంలో నిలబడింది.  తన రెండు చేతులూ నాకు చూపించింది, అంతే.

మర్నాడు మా ఆయన టైంటేబుల్ ప్రకారం నడకకి వెళ్లాను. నడక దారి ఆసుపత్రి వైపు తిరిగింది. తల్లీబిడ్డలని చూసి వచ్చేద్దామనుకున్నాను. వాళ్లని చూసి వస్తుంటే ఆ బెంచీ మీద ఇంకెవరో కూర్చుని ఉన్నారు, ఇంకొక ఊరి వాళ్లు, తలుపు వైపు చూస్తూ. పక్కన కూర్చున్నాను. లోపలినుంచి వినపడేదాన్ని వాళ్లకి చెప్పాను. తర్వాత సూపరింటెండెంటు గారిని అడిగి దానికి అనుమతి తీసుకున్నాను. జీతం లేని ఉద్యోగానికి అభ్యంతరం ఎవరికుంటుంది? ఇప్పుడు వారంలో కొన్ని ఉదయాలు నా చోటు అదే. తల్లి లోపల ఉంటే, బయటివాళ్లకి టీ తాగారా అని అడుగుతాను, ఏడుపు వినపడితే అది ఎవరి ఏడుపో చెబుతాను, పుట్టగానే తేనె నాకించొద్దని పోట్లాడతాను. ఇన్నేళ్లు తలుపుకి అవతలి పని మాత్రమే పని అనుకున్నాను. ఇవతల ఇంత పని పడి ఉందని నాకు తెలియదు.

మా ఆయన టైంటేబుల్‌లో ఆ గంటల దగ్గర పెన్సిలుతో ఆసుపత్రి అని దిద్దుకున్నారు. బడిపంతులు కదా, మార్పు జరిగితే నమోదు కావాలి.

అమ్మాయిలూ, నూనెలూ కాగితాలూ ఆఖర్న చూసుకోవచ్చు. మీ గదిలో ఇవాళ ఎక్కడ నిలబడ్డారో ఒకసారి చూసుకోండి. కొంచెం కొంచెంగా తలుపు వైపు జరగటం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. బయట కూర్చోబెట్టేవాళ్లు ఒకరు తయారైతే మీ అదృష్టం.

మా పిల్ల మెడికల్ వార్డుకి వెళ్లలేదు. ఇప్పుడు ఆ గది తనదే. కొత్తగా వచ్చిన అమ్మాయికి నేర్పుతోంది. సేతికేటి తగిలిందో పైకి సెప్పు, వినపడతలేదు అని అరుస్తూ ఉంటుంది, అచ్చం నా మాదిరే. నన్ను మాత్రం ఇప్పటికీ లోపలికి రానివ్వదు. ఎప్పుడైనా తలుపు సందులోంచి తొంగి చూస్తే, బయట కూకోండి మేడమ్ అంటుంది.

మొన్న ఒడిశా వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. తన కూతురు లోపల ఉంది. చాలాసేపు తలుపు వైపే చూసి, నేనూ అటే చూస్తున్నానని గమనించి, మెల్లగా అడిగింది.

“లోపలున్నది నీకేటవుతాదమ్మా?”

“మా పిల్లే” అన్నాను.